ఎనిమిది దారుల మార్కెట్ క్రాస్

ఇరవై ఏడేళ్ళకే రిటైరయ్యానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వస్తుంది. కానీ జరిగింది అదే. కువైట్‌లో నాలుగేళ్ళు టైపిస్టుగా చేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు, ఆ ఆఫీసు లేదు, ఆ టైపు మిషను ఏ సైనికుడి ఇంట్లో ఉందో తెలియదు. ఈ మధ్య టైపు హయ్యర్ పాసై, సర్టిఫికెట్ చేతబట్టుకుని "అక్కా, గల్ఫ్‌లో టైపు పని ఎట్లుంటాది?" అని మా ఇంటికొచ్చే ఆడపిల్లలు ఎక్కువయ్యారు. వాళ్ళకి జీతం గురించీ ఎండల గురించీ చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను నా తప్పు గురించి చెబుతాను. పాప నిద్రపోయింది, అది లేచేలోపు ఎంత రాయగలిగితే అంత.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను పుట్టుకతోనే కంగారు మనిషిని. గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు చూస్తాను, తాళం వేసి నాలుగు మెట్లు దిగి మళ్ళీ ఎక్కుతాను. పాప పుట్టాక ఆ కంగారుకి ఒక అడ్రసు దొరికింది, అంతే.

మా ఆఫీసు సాల్మియాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, మూడో అంతస్తులో ఉండేది. ఇళ్ళకీ దుకాణాలకీ ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు. మొత్తం ఆరుగురం. మా పై అధికారి అరవై దాటిన ఒక ఇంగ్లీషాయన. ఆయన్ని అందరం సార్ అనేవాళ్ళం. మంచి మనిషి. గొంతు పెంచడు, టీ మాత్రం తనే పెట్టుకుంటాడు, ఎందుకంటే మనం పెట్టేది టీ కాదట, పాలు కలిపిన అల్లం కషాయమట.

సార్‌కి ఒక పిచ్చి ఉండేది. వాళ్ళది ఇంగ్లండులో పల్లెల మధ్య ఉన్న ఒక సంత ఊరు. ఊరంతా గంటలో చుట్టి రావచ్చట. ఆ గంట దూరం గురించి ఆయన పదకొండేళ్ళుగా పుస్తకం రాస్తున్నాడు. ఊళ్ళో ఉన్న పాత కట్టడాలన్నీ వరసగా, ఒక్కొక్కటీ ఎవరు కట్టారు, ఎప్పుడు పగిలింది, ఎవరు అతికించారు, అన్నీ. దాన్ని శుభ్రంగా టైపు చేసే పని నాకొచ్చింది. ఆఫీసు పని అయ్యాక రోజూ ఒక గంట, కార్బన్ పెట్టి రెండు కాపీలు. ఆయన చేతిరాత చీమలు సిరాలో మునిగి కాగితం మీదికి ఎక్కినట్టుండేది.

నేను ఇంగ్లండు చూడలేదు. కడప దాటితే బొంబాయి, బొంబాయి దాటితే కువైట్, అంతే నా భూగోళం. అందుకని సార్ ఊరిని నాకు తెలిసిన వస్తువులతో కట్టుకున్నాను. కార్న్ ఎక్స్ఛేంజ్ అని రాస్తే మొక్కజొన్న కంకుల కోసం పెట్టిన టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ లాంటిదనుకున్నాను. అది ధాన్యం బేరాలాడుకునే హాలని తరువాత తెలిసింది. విధవలకోసం ఎవరో షావుకారు కట్టించిన ఆరు చిన్న ఇళ్ళ వరస, గుర్రబ్బండ్లు లోపలికి పోయేటంత ఎత్తు కమాను ఉన్న సత్రం, తాగి గోలచేసేవాణ్ణి తెల్లారేదాకా పెట్టే ఒంటి రాతి గది. నాలుగు నెలల్లో ఆ ఊరు నాకు రిగ్గైలో మేముండే వీధికన్నా బాగా తెలిసిపోయింది. మా వీధిలో చేపల దుకాణంవాడు ఏ వారం మూస్తాడో నాకు తెలియదు గానీ, ఆ ఊరి గడియారం ఆరు నిమిషాలు ఆలస్యమని తెలుసు.

పుస్తకంతో పాటు ఊరి మ్యాపు కూడా కావాలన్నాడు సార్. గీసే పని మా డ్రాఫ్ట్స్‌మన్‌ది. త్రిసూర్ వైపు మనిషి, చేతిలో గీత దారం లాగినట్టొచ్చేది. ఏది ఎక్కడుందో చదివి చెప్పే పని నాది. చర్చి గోపురం చెప్పాను, గీశాడు. వంతెన చెప్పాను, గీశాడు. మార్కెట్ క్రాస్ దగ్గర ఆగాడు.

"క్రాస్ అంటే ఏం గీయాలి?"

ఇది కూడా తెలియదా అన్నట్టు చూశాను. మా కడప వైపు క్రాస్ తెలియనివాళ్ళు ఎవరుంటారు? పెద్ద రోడ్డు మీద మన పల్లెకి మళ్ళే చోటు. బస్సు ఊళ్ళోకి రాదు, క్రాస్‌లో దించుతుంది. అక్కడ ఒక షెల్టరుంటుంది, దాని కింద ఆడవాళ్ళు బుట్టల్లో సీతాఫలాలో శనక్కాయలో పెట్టుకుని కూర్చుంటారు. సార్ కాగితంలోనూ అచ్చం అదే ఉంది. పైన కప్పుంది, చుట్టూ మెట్లున్నాయి, సంత రోజు ఆడవాళ్ళు వెన్నా గుడ్లూ పెట్టుకుని కూర్చునేవాళ్ళు.

"రోడ్లు కలిసే చోటు. బస్సులాగుతాయి."

"ఎన్ని రోడ్లు?"

కాగితం చూశాను. మార్కెట్ క్రాస్ ఎనిమిది బలమైన కాళ్ళ మీద నిలబడి, ఎనిమిది వైపుల నుంచీ జనాన్ని లోపలికి తీసుకుంటుందని ఉంది. కాళ్ళంటే దారులు కాక మరేమిటి? సార్ భాష కొంచెం కవిత్వంగానే ఉంటుంది.

"ఎనిమిది" అన్నాను.

"ఎనిమిదా! అది ఊరా, రైల్వే జంక్షనా?" అంటూనే ఎనిమిది రోడ్లూ సూర్యుడి కిరణాల్లాగా గీసి, మధ్యలో చిన్న బస్సు బొమ్మ కూడా పెట్టాడు. చాలా అందంగా వచ్చింది. ఇద్దరం మెచ్చుకున్నాం.

జూలైలో సార్ సెలవు మీద ఆ ఊరికే వెళ్ళాడు, తను వచ్చేసరికి పుస్తకం పూర్తిగా ఉండాలని చెప్పి. నేను పూర్తిచేశాను. అరవై పేజీలు, మ్యాపు, అన్నీ ఒక పెద్ద కవర్లో పెట్టాను. అదే రోజు పాప పేరు ఎక్కించడానికి ఎంబసీకి ఇచ్చిన నా పాస్‌పోర్టు తిరిగొచ్చింది. ఇంటికి తీసుకెళ్తే పోతుందేమోనని నా కంగారు. ఆఫీసులో ఎవరూ ఎప్పటికీ తెరవని చోటు ఏదని ఆలోచించి, సార్ పుస్తకం కవర్లో పెట్టాను. చెల్లెళ్ళారా, ఎక్కువ జాగ్రత్తపడేవాళ్ళు వస్తువులు ఎలా పోగొట్టుకుంటారో గమనించండి.

ఆగస్టు రెండున తెల్లారేసరికి ఇరాక్ ట్యాంకులు వచ్చేశాయి.

మొదటి రెండు వారాలు ఇంట్లోనే ఉన్నాం. రొట్టెల కోసం క్యూ, నీళ్ళ కోసం క్యూ, వార్తల కోసం రేడియో చుట్టూ క్యూ. మాతో పాటు ఖాలమ్మ ఉండేది. రాయచోటి ఆమె, యాభై ఏళ్ళుంటాయి, ఒక కువైటీ ఇంట్లో పదిహేనేళ్ళు వంట చేసింది. వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పిల్లలతో సౌదీకి దాటిపోగానే, ఒక మూట బియ్యమూ ఒక మూట ధైర్యమూ తీసుకుని మా గదికి వచ్చేసింది. ఆమెకి పాస్‌పోర్టు లేదు, అది మామాతోనే సౌదీకి పోయింది. "నాకేం బో, ఒంటి మనిషిని, ఎంబసీ కాగితం రాసిస్తే పోతా" అనేది.

నా సంగతి అట్లా కాదు. జోర్డాన్ దాకా బస్సులు పోతున్నాయని, అక్కడినుంచి విమానాలున్నాయని తెలిసింది. మా ఆయన ఊరివాళ్ళందరి పేర్లూ రాయించడానికి ఫర్వానియాలో ఒక స్కూల్లో పగలంతా నిలబడేవాడు. ఆయన వచ్చి చెప్పిన మాట ఒక్కటే: "అందరికీ పేరు ఎక్కింది. పాపకి కాగితం అడుగుతాండారు." పాప పేరున్న కాగితం ప్రపంచం మొత్తం మీద ఒకటే, అది నా పాస్‌పోర్టులో పేజీ. ఆ పాస్‌పోర్టు సాల్మియాలో, సార్ ఊరి లోపల ఉంది.

మగవాళ్ళను చెక్‌పోస్టుల దగ్గర ఎక్కువ ఆపుతున్నారని, చంకలో బిడ్డున్న ఆడవాళ్ళని పోనిస్తున్నారని ఖాలమ్మ తేల్చింది. పాపకి పద్నాలుగు నెలలు, ఇంకా పాలు తాగేది, వదిలి వెళ్ళలేను కూడా. మర్నాడు ఉదయం నేనూ పాపా ఖాలమ్మా ఒక పఠాను టాక్సీలో బయల్దేరాం.

ఆఫీసు తలుపు పగలగొట్టి ఉంది. టైపు మిషన్లు లేవు, ఏసీ లేదు, సార్ టీ కెటిల్ లేదు. నా బల్ల సొరుగు కింద పడి ఉంది, అందులో కవరు అలాగే ఉంది. అరవై పేజీల ఇంగ్లీషు ఎవరికీ అక్కర్లేకపోయింది. పాస్‌పోర్టు తీసి, పాప పేజీ చూసి, అక్కడే నేలమీద కూర్చుండిపోయాను.

"దొరికింది గదా, ఖలాస్, లెయ్ పోదాం" అంది ఖాలమ్మ. నేను పాస్‌పోర్టు మళ్ళీ కవర్లో పెట్టి, కవరు సంచిలో పెట్టుకున్నాను.

"ఆ చిత్తు కాగితాలు ఎందుకు పాపా?" నన్ను కూడా పాపా అనే పిలిచేది.

"చిత్తు కాదు ఖాలమ్మా, నాలుగు నెలలు కొట్టినా. ఒక్క తప్పు లేదు."

ఒక్క తప్పు లేదు! ఆ మాట నేనన్నాను, నా నోటితోనే.

వచ్చేటప్పుడు రెండు చెక్‌పోస్టులు దాటాం. మూడోదాని దగ్గర ఒక సైనికుడు సంచి బోర్లించాడు. పాప లంగోటీలు, పాల సీసా, కవరు. కవర్లోంచి మ్యాపు తీసి విప్పి ఎండకి పట్టాడు. "ఖరీతా!" అని కేకపెట్టాడు. ఖరీతా అంటే మ్యాపు. నలుగురు పరిగెత్తుకొచ్చారు.

ఖాలమ్మ నా వైపు తిరిగింది. "ఏం పాపా, టైపు పని అని చెప్పి యుద్ధం పని గూడా చేచ్చాండావా?"

"సార్ వాళ్ళ ఊరు ఖాలమ్మా."

"సార్ వాళ్ళ ఊరు నీ సంచిలో ఎందుకుండాది?"

ఈలోపు రేకుల నీడ కింద కుర్చీలో కూర్చున్న అధికారి మమ్మల్ని పిలిపించాడు. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు, నిద్రలేని ముఖం. ముందు పాస్‌పోర్టు తెరిచి చూసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గుండీ కూడా పెట్టాడు. ఆ గుండీ తప్ప నాకింకేమీ కనిపించలేదు. పాప ప్రయాణం అంతా ఆ జేబులో ఉంది.

ఆయనకి ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడటం అంత రాదు. ఆయన అరబ్బీలో అడిగితే ఖాలమ్మ నాకు చెప్పేది, నేను తెలుగులో చెప్పింది అటు చెప్పేది. నేను రెండు మాటలంటే ఆమె ఇరవై చెప్పేది. మిగిలిన పద్దెనిమిది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మీరెప్పుడైనా ఒక ఊరి కట్టడాల గురించి రాసిన పుస్తకాన్ని చెక్‌పోస్టు దగ్గర నిలబడి చదివారా? ప్రతి వాక్యమూ గూఢచారి రాసినట్టే ఉంటుంది. గోపురం ఎత్తు నూట ఇరవై అడుగులు. పైకెక్కితే చుట్టూ ఏడు గ్రామాలు కనిపిస్తాయి. వంతెన మీద ఒక్క బండే పడుతుంది.

"గోపురం ఎవరు కొలిచారు?"

"మా సార్."

"ఎందుకు?"

నాలుగు నెలలుగా నేనూ అదే అడుగుతున్నానని చెప్పమన్నాను.

"వంతెన మీద ఒక్క బండే పడుతుందని రాయడం ఎందుకు?"

"రెండు బండ్లు ఎదురైతే ఎవరు వెనక్కి పోవాలో తేలక, రెండు కుటుంబాలు మూడు తరాలు మాట్లాడుకోలేదంట."

ఖాలమ్మ ఇది చెప్పేటప్పుడు వాళ్ళ ఊరి పొలంగట్టు తగాదా కూడా కలిపినట్టుంది, చాలాసేపు పట్టింది. అధికారి ఓపికగా విన్నాడు.

"గడియారం ఆరు నిమిషాలు ఆలస్యం. బాగుచేయించలేదా?"

"ఊరంతా దానికి అలవాటు పడింది. ఇప్పుడు సరిచేస్తే అందరూ ఆలస్యమైపోతారంట."

ఒక సైనికుడు నవ్వి, అధికారి చూడగానే మానేశాడు. అప్పటికి ఖాలమ్మ ఆయనకి ముగ్గురు పిల్లలని, సైన్యంలోకి బలవంతాన పిలిపించక ముందు మున్సిపాలిటీలో సర్వేయరని కూడా రాబట్టింది. వంటింట్లో పనిచేసిన మనిషి, ఎవరి కడుపులో ఏముందో తీయడం ఆమెకు తెలుసు.

నేను కొంచెం ఊపిరి తీసుకున్నాను. అప్పుడు ఆయన మ్యాపు మధ్యలో వేలు పెట్టాడు.

"ఇది?"

"మార్కెట్ క్రాస్."

"ఎనిమిది రోడ్లు." ఆ మాట ఆయనే ఇంగ్లీషులో అన్నాడు. గొంతు మారిపోయింది, మిగతాది మళ్ళీ ఖాలమ్మ ద్వారానే. "నేను ఇరవై ఏళ్ళు సర్వే చేశాను. చిన్న ఊరికి ఎనిమిది రోడ్లుండవు. ఇది ఇంగ్లండు కాదు. ఇదెక్కడ?"

ఖాలమ్మ తెలుగులో మెల్లిగా అంది: "పాపా, ఈసారి సరిగ్గా చెప్పు. అతను నవ్వడంలా."

పాప నా చెవి కమ్మ పట్టుకుని లాగుతోంది. పుస్తకంలోనే ఉంది, చదివి చూపిస్తాను అన్నాను. ఆ పేజీ వెతికి, వేలు పెట్టి, పెద్దగా చదవడం మొదలుపెట్టాను. ఎనిమిది బలమైన కాళ్ళ మీద నిలబడి... చూశారా, ఎనిమిది! ఆ తరువాతి వాక్యం కూడా ఆ ఊపులోనే చదివేశాను. ఒకప్పుడు సారా పీపాల బండి గుద్ది ఒక కాలు బీట తీస్తే, దానికి ఇనుప పట్టీ బిగించారు.

ఆగిపోయాను.

టైపు చేసినప్పుడు ఆ ఇనుప పట్టీని రైల్వే గేటు అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఇప్పుడు తుపాకుల మధ్య నిలబడి చదువుతుంటే, బండి గుద్దితే రోడ్డు బీట తీయడమేమిటి, రోడ్డుకి పట్టీ వేయడమేమిటి అని మొదటిసారి తట్టింది. పైన కప్పు. చుట్టూ మెట్లు. ఎనిమిది కాళ్ళు.

"ఖాలమ్మా" అన్నాను, "అవి దారులు గాదు. స్తంభాలు. అది మంటపం!"

"ఏది మంటపం?"

"క్రాస్! మన క్రాస్ గాదు ఖాలమ్మా. పైన సిలువ ఉంటాదేమో, అందుకని క్రాస్. నేను బస్సులాగే క్రాస్ అనుకొని రోడ్లేయించినా!"

ఖాలమ్మ మ్యాపు చూసింది, నన్ను చూసింది. "బస్సు గూడా ఏయించినావే!" అని తొడ మీద చరిచి నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వొచ్చింది. అది సంతోషం కాదు, వచ్చేసింది, ఆపుకోలేకపోయాను. ఎప్పుడో పెళ్ళిలో ఇట్లాగే పురోహితుడి ముందు నవ్వి తిట్లు తిన్నాను. అక్కడ తిట్లే, ఇక్కడ అధికారి జేబులో పాస్‌పోర్టుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నవ్వుతూనే నిలబడ్డాను.

ఖాలమ్మ అరబ్బీలో చెప్పింది. మా కడప క్రాస్, బస్సు, సీతాఫలాలు, అన్నీ చేతులతో గీసి చూపించింది. అధికారి పుస్తకం లాక్కుని ఆ పేజీ తనే చదివాడు. రెండుసార్లు చదివాడు. మ్యాపు చూశాడు. తలెత్తాడు. ఆ ముఖంలో ఇప్పుడు సైన్యం లేదు. తప్పు బిల్లు పెట్టిన గుమాస్తాను చూసే ఆఫీసరుంది.

"ఒక మంటపానికి ఎనిమిది రోడ్లా?"

"అవును సార్."

"ఈ మ్యాపు ఎవరికైనా పంపావా?"

"లేదు సార్."

"కొలత లేదు. ఉత్తరం ఎటో గుర్తు లేదు." ఒక సైనికుడిని పెన్సిలడిగి, ఎనిమిది రోడ్లనూ ఒక్కొక్కటిగా అడ్డంగా కొట్టేశాడు. బస్సును కూడా కొట్టేశాడు. మధ్యలో ఎనిమిది మూలల చిన్న బొమ్మ గీసి, మూలమూలకీ ఒక చుక్క పెట్టాడు. స్తంభాలు. వెనక పది కార్లు ఆగి ఉన్నాయి. ఎవరూ హారన్ కొట్టలేదు.

తరువాత జేబు గుండీ విప్పి పాస్‌పోర్టు తీశాడు. పాప పేరున్న పేజీ తెరిచి, పాపనీ పేజీనీ మార్చి మార్చి చూశాడు.

"ఇది నువ్వు టైపు చేశావా?"

"లేదు సార్. ఎంబసీవాళ్ళు."

"అయితే నమ్మొచ్చు" అని నా చేతికిచ్చాడు.

మ్యాపూ పుస్తకమూ మాత్రం ఇవ్వనన్నాడు. మ్యాపులు దాటనివ్వకూడదని ఆర్డరట. ఖాలమ్మ నా మోచెయ్యి పట్టుకుని "యల్లా, యల్లా" అని లాగుతోంది. తెలివున్న మనిషి అక్కడినుంచి పరిగెత్తాలి. కానీ నాలుగేళ్ళ అలవాటు. మా ఆఫీసులో ఒక్క కాగితం చెయ్యి మారినా సంతకం తీసుకోవాలి. నా నోరు నన్నడగకుండానే తెరుచుకుంది.

"సార్, రసీదు ఇస్తారా?"

ఖాలమ్మ నన్ను గిల్లింది. ఆ మచ్చ వారం ఉంది. అధికారి నా వైపు చెయ్యి చాపాడు. పాస్‌పోర్టు వెనక్కి అడుగుతున్నాడనుకుని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాను. ఆయన నా వెనకాల నిలబడ్డ సైనికుడి దగ్గర సిగరెట్ పెట్టె అడుగుతున్నాడు. దాని అట్ట చించి, రెండు ముక్కలు రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఇంగ్లీషులోనే రాశాడు. ఒక ఊరు ముట్టినది.

ఆ నెలలో ఆ సైన్యం తీసుకున్నవాటిలో రసీదు ఇచ్చింది, నాకు తెలిసి, ఆ ఒక్క ఊరికే.

ఆ అట్టముక్కని తరువాత ఇక్కడినుంచి సార్‌కి పోస్టులో పంపాను, జరిగిన తప్పంతా నాలుగు పేజీల్లో ఒప్పుకుంటూ. ఆయన జవాబు రాశాడు. చేతిరాత ప్రతి తన దగ్గరే ఉందని, కంగారుపడవద్దని. మార్కెట్ క్రాస్ దగ్గర బస్సు ఆపమని ఆ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతున్నారట, ఒక్క నా మ్యాపులోనే ఆగిందట. కాబట్టి చెల్లెళ్ళారా, తెలియని మాట వస్తే అడగండి. తెలిసిన మాట వస్తే ఇంకా గట్టిగా అడగండి.

మూడు రోజుల తరువాత మాకు బస్సు దొరికింది. ఖాలమ్మ ఎంబసీ కాగితంతో మా వెనక సీట్లోనే కూర్చుంది. బస్రా, బాగ్దాద్, తరువాత ఎడారి. పాస్‌పోర్టు నా జాకెట్లో ఉంది. దారి పొడుగునా చెయ్యి వేసి తడుముకుంటూనే ఉన్నాను. మా ఆయన చూసి "అదేమన్నా ఎగిరిపోతాదా?" అంటే, "పోదు, అయినా చూచ్చా" అన్నాను.

జోర్డాన్ సరిహద్దులో కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా పేజీలు తిప్పి, పాప పేరు దగ్గర ఆగి, వేలితో నన్నూ పాపనూ లెక్కపెట్టుకున్నాడు. ముద్ర వేశాడు. తరువాత సరదాకి ఆ ముద్రనే పాప బుగ్గమీద కూడా వేయబోయినట్టు కిటికీలోంచి చెయ్యి చాపాడు. పాప ఒక్క గుక్కలో ఏడుపందుకుంది. ఆ లైన్లో అందరూ వెనక్కి తిరిగి చూసేటంత ఏడుపు. నేను దాన్ని సముదాయించలేదు. దాటేశాం కదా, కాసేపు ఏడవనిచ్చాను.